సీసా పట్టిన పాట: పంక్ రాక్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పంక్ రాక్ అంటే గిటార్ల హోరుతో, కేకల్లాంటి గొంతుతో, వేగంగా సాగే చిన్న చిన్న పాటల రాక్ సంగీతం. అమెరికన్ పంక్ రాక్ బృందం ‘బ్లాక్ ఫ్లాగ్’ 1982లో విడుదల చేసిన ‘టీవీ పార్టీ’ అనే సింగిల్‌ను, అంటే విడిగా విడుదల చేసిన పాట రికార్డును, దాని మ్యూజిక్ వీడియోను కిందటి సంచికలో పరిచయం చేశాం. కొందరు కుర్రాళ్లు ఒక గదిలో చేరి, టీవీ ముందు సోఫాలో కూర్చుని, బీరు తాగుతూ, ఆ రాత్రి చూడబోయే కార్యక్రమాల పేర్లు గొంతు చించుకుని అరిచే పాట అది. దాని మీద విజయవాడ, గుంటూరు, తెనాలి నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మీరు పరిచయం చేసిన పాటను హాస్టల్ గదిలో అందరం కలిసి విన్నాం, వీడియో కూడా చూశాం. క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రి మేము చేసేదీ దాదాపు అదే కాబట్టి అది మా పాటే అనిపించింది. మా సీనియర్ ఒకాయన మాత్రం, అది మీలాంటివాళ్లను ఎత్తిపొడవడానికి రాసిన పాట అంటున్నారు. సర్, ఇంతకీ ఆ పాట ఎవరి పక్షం?
– ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: మీ సీనియర్ చెప్పింది నిజం. అలాగని మీకు కలిగిన అభిప్రాయాన్నీ తోసిపుచ్చలేం, ఎందుకంటే ఆ పాటకున్న బలమంతా వినేవాడు మొదట దాన్ని తన పాటే అనుకోవడంలో ఉంది.

పాట రాసింది గ్రెగ్ గిన్. 1976లో కాలిఫోర్నియాలోని హెర్మోసా బీచ్ అనే సముద్రతీర పట్టణంలో ఈ బృందాన్ని మొదలుపెట్టిన గిటారిస్టు ఆయనే. గంటల తరబడి సాధన చేయించే మనిషిగా తోటి వాద్యకారులలో ఆయనకు పేరుంది. పాడింది హెన్రీ రోలిన్స్. 1981లో బృందంలో చేరేనాటికి ఆయనకు ఇరవై ఏళ్లు, వాషింగ్టన్‌లో ఒక ఐస్‌క్రీమ్ దుకాణం నడిపించే ఉద్యోగంలో ఉన్నాడు. మద్యానికి, మత్తుకు దూరంగా ఉండే మనిషిగా ఆయన మొదటి నుంచీ అందరికీ తెలుసు. అంటే బీరు డబ్బాల మధ్య కూర్చుని బ్రతుకంతా ఇదే చాలని అరుస్తున్న ఆ కుర్రాడు, పాడుతున్న రోలిన్స్ కాడు. రోలిన్స్ వేసుకున్న వేషం. రంగస్థలం మీద దుర్యోధనుడి వేషం కట్టిన నటుడు ఆ పాత్ర గర్వాన్ని లోపల నిలబడి పలికినట్టే, రోలిన్స్ ఆ కుర్రాడి తృప్తిని లోపల నిలబడి పలికాడు. బయట నిలబడి తిట్టి ఉంటే మీరు రెండోసారి వినేవారు కారు.

ఇదే బృందం అంతకు ముందు ఏడాది, 1981లో, ఆరు బీరు డబ్బాల కట్ట మీద ఇంకో సింగిల్ తెచ్చింది. అందులో కథానాయకుడిని స్నేహితురాలు ‘నేను కావాలా, అది కావాలా’ అని అడిగితే, తన జవాబు ఆమెను నొప్పించకపోతే బాగుండునని అనుకుంటాడు. జవాబేమిటో పాట చెప్పదు, చెప్పనవసరమూ లేదు. మొదట నవ్వొస్తుంది, కాసేపటికి ఆ అమ్మాయి స్థానంలో నిలబడి చూస్తే నవ్వు రాదు.

‘టీవీ పార్టీ’ చివరి భాగాన్ని మీరంతా శ్రద్ధగా మళ్లీ వినాలని నా కోరిక. టీవీ పాడవుతుంది. అప్పటిదాకా చప్పట్లు కొడుతూ, కార్యక్రమాల పేర్లు ఒకరి మీద ఒకరు పోటీపడి అరిచిన ఆ గుంపుకు ఒక్కసారిగా మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. ఇప్పుడేం మాట్లాడుకుందామని ఒకడు అడిగితే, ఏమోనని ఇంకొకడు అంటాడు. తాగడం పాపమని పాట ఒక్క ముక్క కూడా అనదు. ఇన్నాళ్లుగా ఒకే సోఫా మీద కూర్చున్న ఈ స్నేహితులకు ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియదన్న సంగతిని మాత్రం బయటపెడుతుంది. మ్యాచ్ మధ్యలో కరెంటు పోయిన రాత్రి మీ గదిలో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో గుర్తు చేసుకుంటే, పాట ఎవరి పక్షమో మీకే తెలుస్తుంది.

వీడియో గురించి ఒక మాట. సంగీతం కోసమే పుట్టిన ఎంటీవీ ఛానల్ 1981 ఆగస్టు 1న ప్రసారాలు ప్రారంభించింది. అప్పటి నుంచి వీడియో అంటే వెలుగులు, మెరుపులు, అందమైన ముఖాలు. అలాంటి కాలంలో ఈ బృందం మామూలు గదిని, సోఫాను, బీరు డబ్బాలను చూపి ఊరుకుంది. తాగుతున్న మనిషి ఆ వీడియోలో ఒక్క క్షణం కూడా అందంగా కనిపించడు. నా దృష్టిలో ఆ వీడియో గొప్పతనం అదే.

ప్రశ్న: అయ్యా, నేను ముప్ఫై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. తాగుడు మీద పాట కావాలంటే మనకు ‘దేవదాసు’ ఉంది. ఘంటసాల గొంతు ఉంది. మనవడి ఫోన్‌లో మీరు చెప్పిన పాట విన్నాను. రాగం లేదు, భావం లేదు, కేకలు తప్ప. దీన్ని పాఠకులకు పరిచయం చేయవలసిన అవసరం ఏమిటి?
– విశ్రాంత ఉపాధ్యాయులు, తెనాలి

జవాబు: మాస్టారూ, ‘దేవదాసు’కు సాటి తెస్తున్నామని మేము అనలేదు, అనబోము కూడా. 1953లో వేదాంతం రాఘవయ్య గారు తీసిన ఆ చిత్రంలో సి.ఆర్. సుబ్బరామన్ గారి బాణీకి, సముద్రాల సీనియర్ గారి మాటకు ఘంటసాల గారు ప్రాణం పోస్తే, అక్కినేని గారు ముఖం ఇచ్చారు. ఆ గొంతు చౌటపల్లిది, ఆ ముఖం రామాపురానిది. రెండూ గుడివాడ చుట్టుపక్కల పల్లెలే కాబట్టి కృష్ణా తీరం వారికి ఆ పాటల మీద ఒకింత సొంత హక్కు కూడా ఉంది.

అయితే ‘జగమే మాయ’ పాటలో తాగుడుకు ఒక కారణం ఉంది. ప్రేమ దక్కలేదు, పార్వతి వేరే ఇంటికి వెళ్లిపోయింది, దుఃఖానికి గ్లాసు తోడైంది. ప్రేక్షకుడు ఆ మనిషి మీద జాలిపడతాడు, జాలిపడాలనే ఆ పాట కట్టారు. ఆ తర్వాత డెబ్బై ఏళ్లుగా మన సినిమాల్లో సీసా పట్టిన ప్రతి కథానాయకుడికీ గుండె పగిలిన కథ ఒకటి తగిలిస్తూనే ఉన్నారు. అందరికీ అంత దుఃఖం ఉందా? చాలామంది ఏ కారణమూ లేకుండా, శనివారం కాబట్టి, పక్కవాడు తాగుతున్నాడు కాబట్టి, చేయడానికి ఇంకేమీ తోచక తాగుతారు. ఆ తాగుడుకు మన సినిమా పాటల్లో చోటు దాదాపుగా లేదు. పంక్ రాక్ ఆ మనిషిని పట్టుకుంది. కారణం లేని తాగుడుకు కరుణరసం పొసగదు కాబట్టి, దానికి తగ్గ గొంతు వెతుక్కుంది.

ఇక కేకల విషయం. ఈ సంగీతంలో గిటారిస్టు ఎక్కువగా వాయించేదాన్ని పవర్ కార్డ్ అంటారు. మన లెక్కలో చెప్పాలంటే అది షడ్జమ పంచమాల (సా, పా) జంట, అంతే. మధ్యలో గాంధారం (గా) ఉండదు. గాంధారం లేదు కాబట్టి ఆ ధ్వని సంతోషమో విషాదమో తేల్చి చెప్పదు. యాంప్లిఫయర్‌లో ధ్వనిని కావాలని పగలగొట్టి బొంగురు చేస్తారు, దాన్నే డిస్టార్షన్ అంటారు. అలా చేసినప్పుడు గాంధారం కలిస్తే స్వరాలు ఒకదానితో ఒకటి కొట్టుకుని మట్టిగొట్టుకుపోతాయి. సా, పా రెండే అయితే ఎంత పగిలినా నిటారుగా నిలబడతాయి. కాబట్టి రాగం లేకపోవడం చేతకానితనం అనుకోనక్కరలేదు, ఆ ధ్వనికి అది అవసరం. మీకు నచ్చవలసిన పని లేదు గాని, తెలిసి చేసిన పని అని మాత్రం గుర్తించమని మనవి.

మీరు తెలుగు పాఠాలు చెప్పినవారు కాబట్టి ఇంకొక్క సంగతి. ‘కన్యాశుల్కం’లో సారా దుకాణం దగ్గర బైరాగి చుట్టూ చేరిన గుంపు తాగుతూ వేదాంతం మాట్లాడుకునే రంగాన్ని మీరు ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. గురజాడ అక్కడ ఎవరినీ మందలించలేదు, ఎవరి మీదా జాలిపడమనలేదు. వాళ్లను వాళ్ల మాటల్లోనే మాట్లాడనిచ్చారు. ‘టీవీ పార్టీ’ పాటకు మన సాహిత్యంలో చుట్టం కావాలంటే దేవదాసు దగ్గర కన్నా ఆ దుకాణం దగ్గర వెతకడం న్యాయం.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. గిటారు వాయిస్తాడు. ఈ మధ్య స్నేహితులతో కలిసి ఇలాంటి తాగుడు పాటలే పాడుతున్నాడు. అంతకన్నా భయపెడుతున్నది ఇంకొకటి ఉంది. రెండు చేతుల మీదా నల్లటి మార్కర్‌తో పెద్ద ఇంటూ గుర్తు వేసుకుని ఇంటికి వస్తున్నాడు. అడిగితే నవ్వి ఊరుకుంటాడు. అది ఏదైనా మత్తుమందు ముఠా గుర్తేమోనని నిద్ర పట్టడం లేదు. చిన్నప్పుడు మా అమ్మగారి ఊళ్లో సారా వల్ల ఎన్ని ఇళ్లు కూలాయో కళ్లారా చూసినదాన్ని.
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందుగా మీరు నిశ్చింతగా నిద్రపోవాలి. పంక్ రాక్ అభిమానులు చేతి మీద వేసుకునే ఆ ఇంటూ గుర్తుకు అర్థం ‘నేను తాగను’ అని.

దాని వెనక కథ ఇది. 1980లో ‘టీన్ ఐడిల్స్’ అనే వాషింగ్టన్ కుర్రాళ్ల బృందం కచేరీ కోసం శాన్ ఫ్రాన్సిస్కోలోని మబుహే గార్డెన్స్ అనే క్లబ్‌కు వెళ్లింది. వాళ్లకు మద్యం తాగే వయసు లేదు. లోపలికి రానిచ్చేందుకు, అదే సమయంలో బార్‌లో ఎవరూ పొరపాటున మద్యం పోయకుండా ఉండేందుకు, క్లబ్ వారు ఆ పిల్లల చేతుల మీద నల్లటి ఇంటూ గుర్తు వేశారు. ఆ పద్ధతిని వాళ్లు తమ ఊరికి తీసుకువెళ్లారు. అదే బృందంలో వాయించిన ఇయాన్ మెకాయ్ తర్వాత ‘మైనర్ థ్రెట్’ అనే బృందం పెట్టి, తాగకుండా, మత్తు ముట్టకుండా బ్రతకడం మీద 1981లో ‘స్ట్రెయిట్ ఎడ్జ్’ అనే పాట పాడాడు. నిండా ఒక నిమిషం కూడా లేని ఆ పాట పేరే ఒక జీవన విధానానికి పేరై, దేశదేశాల కుర్రాళ్లు ఆ గుర్తును తమంతట తామే చేతుల మీద వేసుకోవడం మొదలుపెట్టారు. పైన చెప్పిన హెన్రీ రోలిన్స్‌కు ఈ మెకాయ్ చిన్ననాటి స్నేహితుడు. తాగుడు పాట పాడుతూనే చేతి మీద ఆ గుర్తు వేసుకోవడంలో వైరుధ్యం ఏమీ లేదని మీ అబ్బాయి తెలుసుకున్నట్టే ఉన్నాడు.

తల్లిదండ్రులకు ఈ సంగీతం మీద అనుమానం రావడం కొత్తేమీ కాదు. ‘టీవీ పార్టీ’ మొదట చోటు చేసుకున్న ‘డ్యామేజ్డ్’ ఆల్బమ్‌ను 1981లో అమెరికా అంతటా పంపిణీ చేయవలసిన పెద్ద సంస్థ, ఇది తల్లిదండ్రులకు వ్యతిరేకమైన రికార్డు అంటూ చేతులు ఎత్తేసింది. ఆ సంస్థ అధికారి అన్న ఆ మాటనే స్టిక్కరుగా అచ్చు వేయించి బృందం రికార్డు అట్టల మీద అతికించింది. రికార్డును నింపాదిగా విన్నవారికి అందులో పిల్లల ఒంటరితనం, కోపం, తమ మీద తమకున్న అసహ్యం వినిపిస్తాయి గాని, తల్లిదండ్రుల మీద పిల్లలను ఉసిగొల్పే మాట వినిపించదు.

మీరు రాసిన ఉత్తరంలో చివరి వాక్యమే నన్ను ఎక్కువగా కదిలించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. కాలిఫోర్నియా కుర్రాడి పాటలో బీరు అంటే తోచకపోవడం. మన నేల మీద సీసా అంటే కూలి డబ్బు ఇంటికి చేరకపోవడం, రాత్రి పూట దెబ్బలు, తాకట్టుకు వెళ్లిన పుస్తెలు. మీ అబ్బాయి తెలుగులో తాగుడు మీద పాట కట్టబోతుంటే, మీ అమ్మగారి ఊళ్లో మీరు చూసినదంతా అతనికి కూర్చోబెట్టి చెప్పండి. గుర్తు గురించి అడిగితే నవ్వి ఊరుకున్న పిల్లవాడు, పాటకు పనికొచ్చే కథ అంటే చెవి ఒగ్గుతాడు.

ఒకవేళ ఎప్పుడైనా నిజంగానే తాగుడు అలవాటు కనిపిస్తే పాటల మీద పోట్లాడి కాలం వృథా చేయకండి. కేంద్ర ప్రభుత్వం వ్యసన విముక్తి కోసం నడుపుతున్న 14446 నంబరుకు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

ప్రశ్న: మేము నలుగురం. ఇద్దరు గిటార్లు, ఒకరు బేస్, ఒకరు డ్రమ్స్. తాగుడు మీద తెలుగులో సొంతంగా ఒక పంక్ సింగిల్ రికార్డు చేసి, వీడియో తీయాలని అనుకుంటున్నాం. చేతిలో డబ్బు తక్కువ. తెలుగులో పాడితే పంక్ లాగా వినిపించడం లేదు, సినిమా పాటలాగా మెత్తబడిపోతోంది. వీడియోలో ఏం చూపించాలో, ఏం చూపించకూడదో చెప్పండి.
– ఒక బృందం, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. మెత్తబడడం గురించి ముందు చెబుతాను. తెలుగు పదాలు అచ్చుతో ముగుస్తాయి, అచ్చును సాగదీయాలని గొంతు తహతహలాడుతుంది, సాగదీయగానే అది సినిమా పాట అవుతుంది. కాబట్టి సాగే పదాలను చరణం చివర పెట్టకండి. గుంటూరు వీధిలో మాట్లాడే మాటకు ద్విత్వాక్షరాలు కావలసినన్ని ఉన్నాయి. కొట్టు, పట్టు, చెప్పు, తప్పు, ఒట్టు వంటి మాటలు డ్రమ్ దెబ్బ మీద సరిగ్గా పడతాయి. పోదాం, చూద్దాం లాంటి సున్నాతో ముగిసే క్రియలు గొంతును మూసేస్తాయి, సాగనివ్వవు. పుస్తక భాషలో రాసుకుని తర్వాత వేగంగా పాడడం కాకుండా, మొదటే అరిచి చూసి, నిలబడిన మాటనే కాగితం మీద పెట్టండి.

నిర్మాణం కోసం అమెరికా దాకా వెళ్లనక్కరలేదు. మీ జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారు బుర్రకథను ఏ స్థాయికి తీసుకువెళ్లారో మీ పెద్దవాళ్లను అడగండి. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బుర్రకథలో ముగ్గురు ఉంటారు. నడుమ కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పే వంత, ఇంకో పక్క రాజకీయం చెప్పే వంత. కథకుడు ఒకటి చెబితే హాస్యగాడు దాన్ని తిరగేస్తాడు, రాజకీయ వంత దాన్ని ఊరి సంగతికి ముడిపెడతాడు. తాగుడు పాటకు ఇంతకన్నా మంచి కూర్పు నాకు కనిపించడం లేదు. ప్రధాన గాయకుడు తాగినవాడి గొంతుతో, వాడి తృప్తితో, వాడి గొప్పలతో పాడాలి. రెండో గిటారిస్టు వాడిని ఎగదోసే స్నేహితుడు కావచ్చు. డ్రమ్స్ దగ్గర కూర్చున్నవాడు ఆ రాత్రి ఖర్చు ఎంతో, ఎవరి జేబులోంచి వచ్చిందో అడ్డుతగులుతూ అడగవచ్చు. మూడు గొంతులు మూడు వైపుల నుంచి వచ్చినప్పుడు, పాట తాగుడును పొగుడుతోందా తిడుతోందా అన్న ప్రశ్న శ్రోత నెత్తిన పడుతుంది. అది అక్కడ పడడమే మీకు కావలసింది. నిడివి రెండున్నర నిమిషాలు దాటనివ్వకండి.

వీడియో దగ్గర మీరు జాగ్రత్త పడవలసింది ఒక్క విషయంలోనే. సినిమాల్లో మందు గ్లాసును ఎలా చూపిస్తారో గమనించండి. వెనక నుంచి పసుపు వెలుగు, నెమ్మదించిన కదలిక, ఐసు ముక్కల చప్పుడు, అంచు దాకా లేచే నురగ. పాట మాటల్లో ఎంత విమర్శ ఉన్నా ఆ ఒక్క షాట్ దాన్ని ప్రకటనగా మార్చేస్తుంది, ఎందుకంటే కన్ను చూసింది చెవి విన్నదాన్ని ఇట్టే తుడిచేస్తుంది. మద్యపానం ఆరోగ్యానికి హానికరం అని మూలన ఒక వరుస వేసినంత మాత్రాన ఆ షాట్ చేసిన పని చెరిగిపోదు. మీరు ట్యూబ్‌లైట్ వెలుగులో తీయండి. పలచటి ప్లాస్టిక్ గ్లాసు, పంటితో మూల చింపిన వాటర్ ప్యాకెట్, నూనె ఇంకిన కాగితం మీద చల్లారిపోయిన మిరపకాయ బజ్జీ, ఛార్జింగ్ అయిపోవస్తున్న ఫోన్‌లో మ్యాచ్. పాట ముగిశాక పొద్దున్నే ఆ గది ఊడ్చే ఆవిడ సీసాలను ఒక్కొక్కటిగా సంచిలో వేసుకోవడాన్ని కోత లేకుండా చూపించండి. ఆవిడ ముఖంలో ఏ భావమూ నటించమని అడగకండి, రోజూ చేసే పనిని రోజూ చేసినట్టే చేయనివ్వండి.

డబ్బు లేదన్న బెంగ అవసరం లేదు. మినియాపొలిస్‌కు చెందిన ‘రీప్లేస్‌మెంట్స్’ బృందం 1985 నాటి ‘బాస్టర్డ్స్ ఆఫ్ యంగ్’ పాటకు ఇచ్చిన వీడియోలో దాదాపు పాట పొడవునా కనిపించేది నలుపు తెలుపులో ఒక స్పీకర్ పెట్టె, దాని ముందు కూర్చున్న ఒక మనిషి. చివర ఆ మనిషి లేచి స్పీకర్‌ను తన్ని వెళ్లిపోతాడు. నలభై ఏళ్లయినా జనం దాని గురించి మాట్లాడుకుంటున్నారు. అరండల్‌పేటలో ఒక అద్దె గది, కదలకుండా నిలబెట్టిన ఒక ఫోన్ మీకు సరిపోతాయి.

గదిలోనే తీయమనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కాలువ గట్టు మీదో, బ్యారేజీ పక్కనో సీసాలతో కూర్చుంటే, బహిరంగ ప్రదేశంలో తాగడం నేరం కాబట్టి, సీసాలో ఉన్నది డికాక్షన్ అని పోలీసులకు నచ్చజెప్పడంతోనే తెల్లారిపోతుంది. మన రాష్ట్రంలో ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. తెర మీద తాగుతున్నట్టు కనిపించే అందరూ ఆ వయసు దాటినవారే అయి ఉండాలని, నిజమైన మద్యం చిత్రీకరణ చోటికి రాకూడదని నా గట్టి సలహా. సీసాల మీద లేబుళ్లు తీసేయండి. టీవీలో మద్యం ప్రకటనలను నిషేధించిన కేబుల్ నిబంధనల సంగతి అలా ఉంచినా, ఒక కంపెనీకి ఊరికే ప్రచారం చేసిపెట్టే పని మీకెందుకు? ఇంటర్నెట్‌లో పెట్టే వీడియోకు సెన్సార్ సర్టిఫికెట్ అక్కరలేదు గాని, రేపు ఏదైనా టీవీ ఛానల్ అడిగితే మాత్రం మ్యూజిక్ వీడియోకు కూడా సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉండాలి. తాగుడును సమర్థించే, గొప్పగా చూపించే దృశ్యాలు ఉండకూడదని బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్యూబ్‌లైట్ కింద తీసిన మీ వీడియోకు ఆ చిక్కు రాదని అనుకుంటున్నాను.

ప్రశ్న: తాగుడు పాటను తాగకుండా పాడితే గొంతులో నిజం ఉంటుందా? గొప్ప పంక్ గాయకులంతా తాగే వేదిక ఎక్కారని మా స్నేహితుడి వాదన.
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: ఉంటుంది. రోలిన్స్ సంగతి పైనే చెప్పాను. మీ స్నేహితుడి మనసులో ఉన్నది బహుశా పైన చెప్పిన రీప్లేస్‌మెంట్స్ బృందమే అయి ఉంటుంది. 1986 జనవరిలో వాళ్లు అమెరికాలో పేరున్న ‘సాటర్డే నైట్ లైవ్’ టీవీ కార్యక్రమంలో తాగి వాయించారు, ఆ తర్వాత వాళ్లను అక్కడికి రానివ్వలేదు. అదే ఏడాది బృందం తన గిటారిస్టు బాబ్ స్టిన్సన్‌ను వదులుకుంది. ఏళ్ల తరబడి తాగుడుతో, మత్తుతో శరీరం గుల్లైన ఆయన 1995లో ముప్ఫై అయిదో ఏట చనిపోయాడు. ఆయన వాయించిన గిటారు నాకు ఎంతో ఇష్టం. ఆయన తాగినందువల్ల అది బాగుందని ఎవరైనా అంటే ఒప్పుకోలేను. బాగున్న రికార్డులు చేయి స్థిరంగా ఉన్న గంటల్లో పుట్టినవి. మిగిలిన గంటల్లో ఏం పోయిందో వినడానికి మనకు రికార్డులు లేవు.

ప్రశ్న: సొంత పాట రాసే ఓపిక లేదు. ‘టీవీ పార్టీ’నే తెలుగులోకి మార్చి, అదే బాణీలో పాడి, వీడియో తీసి పెట్టవచ్చా?
– ఒక విద్యార్థి, విజయవాడ

జవాబు: అనుమతి లేకుండా కుదరదు. మన కాపీరైట్ చట్టంలోని 31సి సెక్షన్ ప్రకారం, ఒక పాట మొదట రికార్డయిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు గడిస్తే, హక్కుదారుకు ముందుగా తెలియజేసి, ఏడాదికి కనీసం యాభై వేల ప్రతుల లెక్కన రాయల్టీ ముందే చెల్లించి, మీ గొంతుతో రికార్డు చేసుకోవచ్చు. సాంకేతికంగా తప్పనిసరి అయినవి తప్ప పాటలో మార్పులు చేయకూడదని అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి తెలుగు మాటలు పెట్టాలంటే హక్కుదారు అనుమతి విడిగా కావాలి, బొమ్మతో కలపాలన్నా విడిగానే కావాలి. గదిలో చేరిన స్నేహితులు, టీవీ, బీరు, చివరికి మాటలు కరువవడం అన్న ఊహ మీద మాత్రం ఎవరికీ హక్కు లేదు. మీ గది, మీ మ్యాచ్, మీ స్నేహితుల మాటలతో కొత్త బాణీలో రాసుకుంటే అనుమతి, రాయల్టీ రెండూ అక్కరలేదు. ఓపిక లేదన్నారు గాని, పై జవాబులో చెప్పినట్టు అది రెండున్నర నిమిషాల పాట. నాలుగు చరణాలు చాలు.